ఉన్మాది మాటకు విలువ ఉందా?

మన భాషలో ‘పిచ్చి’ అనే మాటకున్నంత విస్తృతి చాలా కొద్ది మాటలకే ఉంది. ఎవరూ నాటకుండా మొలిచి ఎవరికీ అక్కరలేకుండా పెరిగేది పిచ్చిమొక్క. అర్థంలేని రాత పిచ్చిరాత. లోకం పోకడ తెలియని అమాయకురాలు పిచ్చితల్లి. జవాబు చెప్పనక్కరలేని ప్రశ్న పిచ్చిప్రశ్న. ఇక పిచ్చివాడి చేతిలో రాయి సంగతి సరేసరి. అది ఎవరికి తగులుతుందో తెలియదు గనక ముందు ఆ చెయ్యి కట్టెయ్యమని ఆ సామెత తాత్పర్యం. ఈ ప్రయోగాలలో కొన్ని ముద్దుగా అన్నవి, కొన్ని కసిగా అన్నవి. కాని అన్నీ పిచ్చివాణ్ణి గురించి ఇతరులు అన్నవే. తనను గురించి అతడు అన్న మాట ఒక్కటీ నిఘంటువుకెక్కలేదు. ఈ వాక్యాలలో అతడు ఎప్పుడూ కర్మే గాని కర్త కాడు.

ఈ వ్యాసంలో నేను చర్చించదలచిన ప్రశ్న ఇది: లేని మాటలు వినే మనిషి, జరగనిది జరిగిందని నమ్మే మనిషి చెప్పే మాటకు విలువ ఉందా? ఉంటే ఏ మేరకు? ఇది పైకి వైద్యశాస్త్రపు ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి ఇది నీతిశాస్త్రపు ప్రశ్న. అతనికి వచ్చిన జబ్బేమిటో వైద్యుడు చెప్పగలడు. అతని మాటను మనం ఏం చెయ్యాలో తేల్చుకోవలసినవాళ్ళం మనమే. ప్రశ్నను స్పష్టంగా చూడటం కోసం ఒక కష్టమైన సందర్భాన్నే తీసుకుంటున్నాను: పదిహేడు, పద్ధెనిమిదేళ్ళ వయసులో స్కిజోఫ్రీనియా బారినపడ్డ విద్యార్థి. చదువు, ఇల్లు, ప్రేమ – మనిషి తన మాటను మొదటిసారి సొంతంగా నిలబెట్టుకోవలసిన చోట్లు ఆ వయసులో ఈ మూడూ. అతనికి ఆ మూడు చోట్లా మాట ఒక్కసారే చెల్లకుండా పోతుంది.

ముందు జబ్బు సంగతి కొంత తెలుసుకోవాలి. 1890లలో జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ దీన్ని యౌవనంలోనే వచ్చే మతిక్షయంగా వర్ణించాడు. 1908లో స్విస్ వైద్యుడు బ్లాయ్లర్ ‘స్కిజోఫ్రీనియా’ అనే పేరు ప్రవేశపెట్టాడు. గ్రీకు ధాతువులను బట్టి ఆ మాటకు చీలిన మనస్సు అని అర్థం. దాన్ని పట్టుకుని, ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులుంటారనే అపోహ లోకంలో పాతుకుపోయింది. బ్లాయ్లర్ ఉద్దేశం అది కాదు. ఆలోచన, అనుభూతి, సంకల్పం అనే మనోవ్యాపారాల మధ్య పొత్తు చెడటాన్ని గురించి అతడు మాట్లాడాడు. ఎవరూ లేకుండానే మాటలు వినపడటం, తనమీద ఏదో కుట్ర సాగుతున్నదన్న నమ్మకం కదిలించరానంత గట్టిపడటం, ఆలోచన పట్టు తప్పటం, క్రమంగా దేనిమీదా ఆసక్తి లేకపోవటం దీని లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 2 కోట్ల 40 లక్షలమందికి, అంటే ఇంచుమించు మూడువందలమందిలో ఒకరికి, ఈ జబ్బు ఉంది. ఎక్కువమందికి అది కౌమారం చివర, ఇరవైలలో మొదలవుతుంది. మగపిల్లల్లో కొంచెం ముందు, ఆడపిల్లల్లో కొంచెం ఆలస్యంగా కనిపిస్తుంది. దీనిలో వంశపారంపర్యం పాత్ర పెద్దదే. అయినా ఒకే అండం నుంచి పుట్టిన కవలలలో ఒకరికి వచ్చినప్పుడు రెండవవారికి రాని సందర్భాలు సగానికి తక్కువ ఉండవు. కాబట్టి రక్తంతోనే అంతా తేలిపోదు. 1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ అనే మందును ఈ రోగులమీద ప్రయోగించి ఫలితం సాధించిన నాటినుంచి ఈ జబ్బు చరిత్ర మారింది. మందులు చాలామందిలో ఆ మాటల జోరు తగ్గిస్తాయి. అందరిలోనూ తగ్గించవు. తగ్గించినచోట కూడా మగత, బరువు పెరగటం, చేతులు వణకటం వంటి మూల్యం తీసుకుంటాయి.

ఇక మన ప్రశ్నకు వద్దాం. దీనికి అభ్యుదయవాదుల మధ్య రెండు సులభమైన జవాబులు చెలామణి అయినాయి. రెంటికీ ఆకర్షణ ఉంది. రెండూ తప్పని నా అభిప్రాయం.

మొదటి జవాబు ప్రకారం జబ్బు వ్యక్తిలో లేదు, సమాజంలో ఉంది. లోకపు అబద్ధాన్ని భరించలేక నిజం బయటపెట్టినవాడే ఉన్మాది. 1960లలో బ్రిటన్‌లో లైంగ్, కూపర్ వంటి వైద్యులే ఈ ధోరణికి సిద్ధాంతరూపం ఇచ్చారు. సాహిత్యంలో దీని వంశం అంతకంటే పాతది. లూ సున్ 1918లో రాసిన ‘పిచ్చివాడి డైరీ’లో, మనుషులను మనుషులే తినే సమాజం ఒక్క పిచ్చివాడి కంటికే కనిపిస్తుంది. జబ్బు నయమై అతడు ప్రభుత్వోద్యోగానికి వెళ్ళాడన్న సంగతి కథ ముందుమాటలో ఉంటుంది. నయం కావటమంటే లొంగిపోవటమే అన్నంత చేదు ఆ వ్యంగ్యంలో ఉంది. మన గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు పతనాన్ని మధ్యతరగతి పతనానికి ప్రతీకగా చదవటం మనకు అలవాటు. మన వేదాంతులు కూడా వెనకబడలేదు. అవధూత బాలుడిలా, ఉన్మత్తుడిలా సంచరిస్తాడని వర్ణించి, పిచ్చికీ జ్ఞానానికీ చుట్టరికం కలిపారు.

ప్రతీకగా చదవటంలో తప్పేమీ లేదు. లూ సున్ కథ గొప్ప కథ. కాని తరగతిలో మూడవ బెంచీమీద కూర్చున్న కుర్రవాడు ప్రతీక కాడు. అతనికి రాత్రిళ్ళు నిద్ర లేదు. నువ్వు దేనికీ పనికిరావని ఒక గొంతు చెవిలో తిడుతూ ఉంటే అతడు మర్నాటి పరీక్షకు చదువుకోవాలి. అది ఈ వ్యవస్థమీద విమర్శ అని మనం మెచ్చుకుంటే, ఆ విమర్శకయ్యే ఖర్చంతా అతనొక్కడే భరించాలి. మెచ్చుకున్న మనం హాయిగా నిద్రపోతాం. సమాజానికి ఈ జబ్బులో పాత్ర లేదని నేను అనటంలేదు. వలసవచ్చినవాళ్ళలోనూ, మహానగరాలలో పెరిగినవాళ్ళలోనూ ఇది ఎక్కువగా కనబడుతున్నదని యూరప్‌లో జరిగిన పరిశోధనలు చూపాయి. పేదరికం వైద్యాన్ని ఆలస్యం చేస్తుంది. ఆలస్యం జబ్బును ముదరబెడుతుంది. అయితే సమాజం వల్ల మనిషికి క్షయ వస్తుందని ఒప్పుకున్నంత మాత్రాన అతని ఊపిరితిత్తులలో క్షయ లేదనం కదా! వాదంలో అతన్ని గెలిపించి వైద్యం లేకుండా వదిలిపెట్టటం అభ్యుదయం అనిపించుకోదు.

రెండవ జవాబు దీనికి తలకిందులు. మనస్సు మెదడు ధర్మం. మెదడు చెడితే మాట చెడుతుంది. కనక అతని విషయంలో శాస్త్రజ్ఞుడూ ప్రభుత్వమూ నిర్ణయించాలి. భౌతికవాదపు మాటలా ధ్వనిస్తుంది గనక ఇది మనవాళ్ళకు మరింత నచ్చుతుంది. దీని పర్యవసానం చరిత్రలో చూశాం. హిట్లర్ ప్రభుత్వం 1933లో చేసిన నిర్బంధ కుటుంబనియంత్రణ చట్టంలో స్కిజోఫ్రీనియా పేరు పెట్టి మరీ చేర్చింది. 1940–41లలో ఆస్పత్రులనుంచి తరలించి విషవాయువుతో చంపిన రోగులు సుమారు డెబ్భై వేలమంది. ఆనాటి జర్మన్ బడిపిల్లల లెక్కల పుస్తకాలలో, ఒక పిచ్చివాడి పోషణకు ఇంత ఖర్చయితే ఆ డబ్బుతో ఎన్ని ఇళ్ళు కట్టవచ్చునన్న తరహా లెక్కలు ఉండేవి. ఆ లెక్కలు చెప్పినవాళ్ళూ మనలాంటి ఉపాధ్యాయులే.

ఫాసిస్టుల పాపం చెప్పి ఊరుకుంటే మన చర్చ నిజాయితీ అనిపించుకోదు. సోవియట్ యూనియన్‌లో స్నెజ్‌నెవ్‌స్కీ అనే వైద్యుని ప్రభావంతో, మెల్లమెల్లగా పాకే స్కిజోఫ్రీనియా అనే రోగనిర్ణయం ఒకటి వాడుకలోకి వచ్చింది. పైకి లక్షణాలేమీ లేకపోయినా వ్యవస్థను సంస్కరించాలన్న పట్టుదలే రోగలక్షణంగా లెక్కకు వచ్చింది. 1970లో జోరెస్ మెద్వెదెవ్ అనే జీవశాస్త్రజ్ఞుణ్ణి ఇంటినుంచి పట్టుకుపోయి పందొమ్మిది రోజులు మానసిక వైద్యశాలలో ఉంచారు. ప్రపంచ మానసిక వైద్యుల సంఘం 1977లో ఈ దుర్వినియోగాన్ని ఖండించింది. బహిష్కరణ తప్పదని తెలిసి సోవియట్ వైద్యసంఘం 1983లో దానినుంచి తానే తప్పుకుంది. తప్పు ఒప్పుకుని 1989లో తిరిగి చేరింది. దీన్ని శత్రువుల ప్రచారమని కొట్టిపారెయ్యటం మనకు తగదు. అసమ్మతిని పిచ్చి అనటం ఎందుకు అంత సులభమైంది? పిచ్చివాడి మాట వినక్కరలేదన్న సూత్రాన్ని అందరూ ముందే ఒప్పుకుని ఉన్నారు గనక. ఆ సూత్రం నిలిచి ఉన్నంతకాలం ఎవరి నోరైనా మూయించటానికి రోగం పేరు ఒక్కటి చాలు.

చూడగా ఈ రెండు జవాబులకూ ఉన్న పోలిక ఒకటే. మొదటిది అతని మాటను కవిత్వం చేస్తుంది. రెండవది దాన్ని చప్పుడు చేస్తుంది. అతడు ఏమన్నాడో రెండూ వినవు.

వినటమంటే ఏమిటో చెకోవ్ 1892లోనే చూపించాడు. ‘ఆరో నంబరు వార్డు’లో గ్రోమోవ్ అనే రోగి ఉన్నాడు. పోలీసులు తనను పట్టుకోవటానికి వస్తున్నారన్నది అతని భ్రమ. డాక్టర్ రాగిన్ చదువుకున్నవాడు, మర్యాదస్థుడు. బాధ మనస్సులో ఉందిగాని వస్తువులో లేదని, వివేకి ఎక్కడైనా సుఖంగా ఉండగలడని ఆయన తత్వం. ఆ తత్వం పుణ్యమా అని వార్డు కంపుకొడుతున్నా, కాపలావాడు రోగులను గుద్దుతున్నా ఆయన పట్టించుకోడు. ఈ తత్వాన్ని ఖండించేవాడు గ్రోమోవ్. ప్రాణమున్నది ప్రతిదీ బాధకు స్పందిస్తుందనీ, బాధను తృణీకరించమని బోధించేవాడు బాధ ఎరగనివాడేననీ అతడు వాదిస్తాడు. పోలీసుల విషయంలో అతడు నూటికి నూరుపాళ్ళూ తప్పు. బాధ విషయంలో అతడు నూటికి నూరుపాళ్ళూ ఒప్పు. చివరికి డాక్టరే ఆ వార్డులో బందీ అయి, ఆ కాపలావాడి చేతనే దెబ్బలు తిని గాని ఆ సంగతి గ్రహించడు.

ఈ కథలో మనకు కావలసిన వివేచన ఉంది. రోగి పలికే వాక్యాలన్నీ ఒక జాతివి కావు. బయటి ప్రపంచంలో ఏం జరిగిందన్నది ఒక రకం వాక్యం. అది తప్పు కావచ్చు, పరీక్షించి తేల్చవచ్చు. తనకు ఏమవుతున్నదన్నది రెండవ రకం. దానికి సాక్షి అతనొక్కడే. ఎవరో పిలిచారన్నది అబద్ధం కావచ్చు. పిలుపు వినపడి గుండె దడదడలాడిందన్నది అబద్ధం కాదు. తన బతుకులో తనకేం కావాలన్నది మూడవ రకం. దానికి నిజం, అబద్ధం అన్న ప్రశ్నే లేదు. అది హక్కుకు సంబంధించిన వాక్యం. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు కొంతకాలం ఆ హక్కును మరొకరు నిర్వహించవలసి రావచ్చు. అది అప్పుగా తీసుకున్న అధికారం, తిరిగి ఇవ్వవలసిందే. మన సమాజం చేస్తున్న తప్పేమిటంటే, మొదటి రకం వాక్యం ఒక్కటి తప్పు కాగానే మిగిలిన రెండు రకాలనూ జప్తు చేసుకుంటుంది.

అమెరికాలో ఎలిన్ సాక్స్ అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఉన్నారు. ఆమెకు ఈ జబ్బు తొలి ఛాయలు బడి వయసులోనే కనిపించాయి. ఆస్పత్రిలో ఆమెను మంచానికి కట్టివేశారు. ఆ అనుభవాలను 2007లో ఆత్మకథగా రాశారు; రోగులను కట్టివేయటాన్ని తగ్గించాలని వాదిస్తూ వచ్చారు. కట్టివేత రోగికి మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు కట్టినవాడి సాక్ష్యమొక్కటే ఇన్నాళ్ళూ లెక్కలో ఉండేది. కట్టించుకున్న మనిషి సాక్ష్యం చేరాక ప్రశ్న స్వరూపమే మారింది. ఆమె మాట వినటం వల్ల లోకానికి అంతవరకూ లేని జ్ఞానం వచ్చింది.

అయితే ఆచార్యులకు చెల్లిన మాట మన కుర్రవాడికి చెల్లుతుందా? నా దగ్గర డిగ్రీ మొదటి సంవత్సరం చదివిన ఒక విద్యార్థి సంగతి చెబుతాను. పేరూ ఊరూ చెప్పను. వాటిని బయటపెట్టే హక్కు నాకు లేదు. తండ్రి రైసుమిల్లులో హమాలీ. తల్లి ఇంట్లో మిషను కుడుతుంది. ఇంటర్మీడియట్ రెండో ఏట హాస్టల్లో ఉండగా అతనికి జబ్బు మొదలైంది. చదవలేక వేషాలు వేస్తున్నాడని వార్డెను అన్నాడు; గాలి సోకిందని చుట్టాలు అన్నారు. దర్గా, భూతవైద్యుడు, ఆ తరువాత జిల్లా ఆస్పత్రి – ఈ వరస తిరిగేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. మందులతో తేరుకుని, ఒక ఏడు నష్టపోయి మా కాలేజీలో చేరాడు. ఒకనాడు పాఠం మధ్యలో లేచి, “సార్, మీరిప్పుడు నా పేరు పిలిచారా?” అని అడిగాడు. “లేదోయ్, పిలవలేదు” అన్నాను. “సరే సార్” అని కూర్చుని రాసుకోసాగాడు. తరగతి గొల్లుమన్నది.

పిల్లలకు అది పిచ్చిప్రశ్న. నాకు మాత్రం ఆ గదిలో ఆ గంటలో వినపడిన అత్యంత శాస్త్రీయమైన ప్రశ్న అదే. అతనికి ఒక మాట వినపడింది. దాన్ని అతడు గుడ్డిగా నమ్మలేదు, గుడ్డిగా తోసిపుచ్చలేదు. మరొక సాక్షిని అడిగి తేల్చుకున్నాడు. ఇంట్లో దీపం ఆరితే మనమూ వీధిలోకి వచ్చి, “మీకూ పోయిందా?” అని పక్కింటివాళ్ళను అడుగుతాం. నిజం ఒక్క బుర్రలో తయారయ్యేది కాదు. పదిమంది అనుభవాలు ఒరిపిడి పెట్టుకుంటే తేలేది. సత్యానికి గీటురాయి ఆచరణ అని మనం తరచు అనేమాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అతనికి జబ్బు చేసింది వినికిడికేగాని విచారణకు కాదు. అతడు నాదగ్గర కోరింది కూడా పెద్దదేమీ కాదు. నిజమైన జవాబు ఒక్కటి. జాలిపడి “పిలిచాను” అంటే మోసం. విసుక్కుని “అంతా నీ భ్రమ, కూర్చో” అంటే రేపటినుంచి అతడు అడగడు. అడగటం మానిన రోజున ఆ గొంతు ఒక్కటే అతనికి మిగులుతుంది.

నవ్విన పిల్లలతో తరువాత మాట్లాడితే వాళ్ళు త్వరగానే అర్థం చేసుకున్నారు. పెద్దలతోనే కష్టమైంది. అతని మేలుకోరి, తరగతికి రానక్కరలేకుండా ప్రైవేటుగా పరీక్షలు రాయిస్తే బాగుంటుందని ఒక సహోద్యోగి సలహా ఇచ్చాడు. మేలు ఎవరిదో ఆ మనిషిని అడగకుండా నిర్ణయించటమే ఈ సలహాలోని కిటుకు. నేను కుర్రవాణ్ణి అడిగాను. “తరగతిలో పదిమంది మాట్లాడుతుంటే అది తక్కువ వినపడుతుంది సార్” అన్నాడు. ఈ సంగతి ఏ నిబంధనావళిలోనూ లేదు, చెప్పగలిగినవాడు అతనొక్కడే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో ఐదుశాతం సీట్లు కేటాయించమన్నది. చట్టం కాలేజీ గేటుదాకా తీసుకువస్తుంది. గేటు లోపల అతన్ని మనిషిగా చూడవలసినవాళ్ళం మనమే.

ఇంటి సంగతి ఇంతకంటే చిక్కైనది. 1948లో అమెరికాలో ఒక ప్రసిద్ధ వైద్యురాలు, తల్లి పెంపకమే ఈ జబ్బుకు కారణమన్న అర్థం వచ్చే మాట ఒకటి సృష్టించింది. ఆ సిద్ధాంతం తరువాత వీగిపోయింది; ఈలోగా ఎందరో తల్లులు నేరస్థుల్లా కుమిలిపోయారు. మన దేశంలో ఆ సిద్ధాంతం అవసరమే లేకపోయింది, బిడ్డకు ఏమైనా తల్లిని అనటం మనకు పూర్వంనుంచీ వస్తున్నదే. దీనికి భిన్నంగా లండన్‌లో జార్జ్ బ్రౌన్, అతని సహచరులు 1950ల చివరనుంచి చేసిన పరిశోధనలో ఒక సంగతి తేలింది. ఇంట్లో నిష్ఠూరం, అతిజోక్యం ఎక్కువగా ఉన్నచోట రోగికి జబ్బు తిరగబెట్టటం ఎక్కువ. ఇది జబ్బు పుట్టుక గురించి కాదు, నడక గురించి చెప్పిన మాట. దీన్ని కూడా తల్లిమీద నేరంగా మోపవచ్చు. కాని నిష్ఠూరం ఎక్కడినుంచి వస్తుంది? రాత్రి మేలుకుని కాపలా కాసి, తెల్లవారి మిషనుమీద కూర్చుని, నెలకొకసారి కూలి పోగొట్టుకుని జిల్లా ఆస్పత్రిలో వరసలో నిలబడే మనిషికి ఓర్పు ఎంతవరకు నిలుస్తుంది? ఈ దేశంలో మానసిక రోగుల సంరక్షణ భారమంతా ఇంటి ఆడవాళ్ళ జీతంలేని చాకిరీమీద నిలబడి ఉంది. ఆ చాకిరీని పంచుకోకుండా ఆమెకు ఓర్పు బోధించటం రాగిన్ డాక్టరు తత్వమే.

ఆ తల్లి కొడుకుతో ఒట్టు వేయించుకున్నది: జబ్బు సంగతి ఎవరికీ చెప్పకూడదు. అక్క పెళ్ళి కావలసి ఉంది. తమ్ముడికి పిచ్చి అంటే సంబంధం తప్పిపోతుంది. ఆమె భయం అబద్ధం కాదు. అట్లా తప్పిపోయిన సంబంధాలు మనందరికీ తెలుసు. ఆ విధంగా అతని జబ్బు అతనిది కాకుండా పోయింది, ఇంటి ఉమ్మడి ఆస్తి అయింది. ఇక్కడికి వచ్చేసరికి నీతిప్రశ్న పూర్తి పదునుతో ముందు నిలబడుతుంది. ఎందుకంటే అతడు తన తరగతిలోని ఒక అమ్మాయిని ప్రేమించాడు. ఆమెకూ ఇష్టమే. “చెప్పాలా సార్?” అని అతడు నన్ను అడిగాడు.

‘పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు’ అనే సామెతను మనవాళ్ళు హాస్యానికి వాడుతారు. దానిమీద నాశనమైన జీవితాలు హాస్యం కాదు. జబ్బు దాచి పెళ్ళి చేస్తారు, బయటపడుతుందని మందులు మాన్పిస్తారు, జబ్బు తిరగబెడుతుంది, ఆడపిల్ల అయితే పుట్టింటికి పంపేస్తారు. చట్టం కూడా ఇందులో చాలాకాలంగా తల దూర్చి ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కొన్ని రకాల మతిభ్రంశాన్ని వివాహానికి అనర్హతగా లెక్కించింది. అయితే స్కిజోఫ్రీనియా అనే పేరు ఉన్నంతమాత్రాన విడాకులు రావనీ, కలిసి బతకటం అసాధ్యమయ్యేటంత తీవ్రత రుజువు కావాలనీ సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన కేసులో, భార్యకు ఈ జబ్బు ఉందన్న భర్త వాదనను తోసిపుచ్చి అదే సూత్రాన్ని నిలబెట్టింది. పేరు వేరు, మనిషి వేరు అని న్యాయస్థానం గుర్తించింది. పెళ్ళిళ్ళ పేరయ్యలు ఇంకా గుర్తించలేదు.

నేను అతనికి చెప్పిన జవాబు ఇది. సత్యం చెప్పటం ధర్మమే. కాని ఆ ధర్మం అందరి యెడలా ఒకే తీరున ఉండదు. నిజం విని నిన్ను శిక్షించటానికి మాత్రమే దాన్ని అడిగే లోకానికి నువ్వేమీ బాకీ లేవు. హాస్టలుకు, చుట్టాలకు, ఊరికి నువ్వు చెప్పకపోతే అది అబద్ధం కాదు, ఆత్మరక్షణ. కాని ఆ అమ్మాయి లోకం కాదు. ఆమె తన జీవితాన్ని గురించి నిర్ణయం తీసుకోబోతున్నది. దాచిపెడితే, నీ మాటను ఇతరులు లాక్కున్నట్టే నువ్వు ఆమె నిర్ణయాన్ని లాక్కుంటావు. కాబట్టి ఆమెకు చెప్పాలి. ఎప్పుడు, ఏ మాటలతో అన్నది నీ ఇష్టం. మీ అమ్మా కాదు, డాక్టరూ కాదు, నేనూ కాదు, చెప్పవలసింది నువ్వే.

అతడు చెప్పాడు. ‘పిచ్చి’ అనే మాట గాని, ఇంగ్లీషు పేరు గాని వాడలేదట. “నాకు లేని మాటలు వినపడతాయి. మందులు వేసుకుంటున్నాను. నువ్వు పిలిచావో లేదో ఒక్కొక్కప్పుడు నిన్నే అడుగుతాను” అన్నాడట. ఆమె పదిరోజులు గడువు అడిగింది. తరువాత స్నేహం ఉంటుందనీ, పెళ్ళి ఆశ పెట్టుకోవద్దనీ చెప్పింది. అతడు నెలరోజులు కుంగిపోయాడు. డాక్టరు మందు సరిచూశాడు. తల్లి నా దగ్గరికి వచ్చి, “ఇందుకేనా సారూ వాడిచేత చెప్పించింది?” అని నిలదీసింది. ఆమెకు నేను చెప్పిన మాట ఇక్కడా చెబుతాను: “అమ్మా, వాడి వయసు కుర్రవాళ్ళు రోజూ కాదనిపించుకుంటున్నారు. వాడికి ఇన్నాళ్ళూ ఆపాటి మర్యాద కూడా దక్కలేదు. ఆ పిల్ల వాడి మాట విని, ఆలోచించి, జవాబు చెప్పింది.” ఆమె ఒప్పుకున్నదని చెప్పను. అతడు మాత్రం ఆ మాటను కాదనలేదు. ఆ అమ్మాయి కాదనటంలో భయం పాలెంత, ఇష్టాయిష్టాల పాలెంత అని నేను విచారించబోను. అది ఆమె హక్కు. దయతో అవునని ఉంటే అదీ ఒక విధమైన వినకపోవటమే అయ్యేది.

ఇంకా పద్ధెనిమిదేళ్ళు నిండనివాళ్ళ సంగతి ఇంతకంటే కష్టం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎరవాడిలో, గొలుసులతో కట్టి ఉంచిన రోగుల కొట్టానికి నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. తనకు ఎట్లాంటి చికిత్స కావాలో, వద్దో ముందుగానే రాసిపెట్టుకునే హక్కు రోగికి ఇచ్చింది. 1912 నాటి లూనసీ చట్టంతో పోలిస్తే ఇది పెద్ద ముందడుగు. కాని ఆ రాసిపెట్టుకునే హక్కు మైనరుకు లేదు. అతని తరఫున సంరక్షకుడే రాయాలి. హక్కు పద్ధెనిమిదో పుట్టినరోజున వస్తుంది. జబ్బు పుట్టినరోజు కోసం ఆగదు. బాలుడు, ఉన్మత్తుడు అని మన పూర్వులు జంటగా కలిపిన రెండు మాటలూ ఈ కుర్రవాడి విషయంలో ఒక్క మనిషిమీదే పడతాయి. బాలుడు గనక ఒకసారి, రోగి గనక ఇంకొకసారి, అతని మాట రెండుసార్లు కొట్టివేతకు గురవుతుంది. సంరక్షకుడు సంతకం చేయటానికి ముందు కుర్రవాణ్ణి అడగాలన్న నియమం కాగితంమీదకన్నా ముందు మన అలవాటులోకి రావాలి.

పీడితుల పక్షాన మాట్లాడతామని మనం చెప్పుకుంటాం. పక్షాన మాట్లాడటం గొప్ప పని. కాని అది పీడితుడు మాట్లాడేదాకానే. అతడు నోరు విప్పాక మన పని వినటం. కార్మికుడి విషయంలో, స్త్రీ విషయంలో, దళితుడి విషయంలో ఈ పాఠం మనకు ఆలస్యంగానైనా అందింది. మతి చెదిరిన మనిషి విషయంలో ఇంకా అందలేదు. ఎర్రగడ్డ, చినవాల్తేరు అనే ఊళ్ళ పేర్లు మన స్టాఫ్ రూముల్లో ఈనాటికీ తిట్లుగానే వినపడుతున్నాయి. వైద్యం అతనికి అందాలి, అది ప్రభుత్వ ఖర్చుతో జిల్లా ఆస్పత్రిలోనే అందాలి, తల్లి చాకిరీకి తోడు దొరకాలి. వీటికోసం పోరాడవలసిందే. ఆ పోరాటాలు గెలిచేదాకా ఆగనక్కరలేని పని కూడా ఒకటి ఉంది. రేపు మన తరగతిలో ఒక కుర్రవాడు లేచి, “మీరు పిలిచారా?” అని అడిగితే, పిలిస్తే పిలిచామనీ, లేకపోతే లేదనీ, నవ్వకుండా జవాబు చెప్పటం.